ఐసియులో నరాల మందులు – ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

(రోగుల బంధువుల కోసం, గ్రామ ఆరోగ్య కార్యకర్తల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



బి.పి. గూర్చి, షుగరు గూర్చి మీరు చాలా ప్రసంగాలు విని ఉంటారు. ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం మీలో చాలామంది వినని విషయం. ఐసియులో ఉన్న రోగికి ఇచ్చే నరాల మందులు, అంటే మెదడు మీద, నరాల మీద పనిచేసే మందులు. ఈ మందులు వైద్యులకు సంబంధించినవి గదా, మాకెందుకు అని మీరు అనుకోవచ్చు. ఐసియు తలుపు బయట మమ్మల్ని బంధువులు ఎక్కువగా అడిగే ప్రశ్నలు రెండూ ఈ మందుల గూర్చే.

మొదటి ప్రశ్న: "ఎప్పుడు చూసినా నిద్రపుచ్చే పెట్టినారు. కండ్లు తెరిచేదెప్పుడు సార్?"

రెండవ ప్రశ్న: "మా నాయన నిన్నటిదాకా బాగుండె. ఈ పొద్దు నన్నే గుర్తుపట్టలే. ఏం మందిచ్చినారు?"

ఇవి న్యాయమైన ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పడంతో పాటు, మీ నుండి మాకు కావలసిన సహాయం గూర్చి కూడా చెప్తాను. ఒక్కమాటలో చెప్పాలంటే, ఐసియులో నరాల మందు ఒకసారి రాసి వదిలేసేది కాదు. ప్రతిరోజూ రోగిని చూసి, తగ్గించాలా, పెంచాలా, ఆపాలా అని నిర్ణయించవలసిన మందు. ఆ నిర్ణయం సరిగ్గా ఉండాలంటే ఇంటివారు చెప్పే నిజం చాలా అవసరం.

నిద్రమందు ఎందుకు ఇస్తారు?

1952లో డెన్మార్క్ దేశంలోని కోపెన్‌హాగన్ పట్టణంలో పోలియో విపరీతంగా వ్యాపించింది. ఊపిరి తీసుకోలేని రోగులకు గొంతులో గొట్టం అమర్చి, వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబగళ్లు చేతితో గాలిసంచి నొక్కుతూ చాలా ప్రాణాలు నిలబెట్టారు. ఈనాటి ఐసియులకు అది నాంది. తరువాత ఆ పని చేయడానికి వెంటిలేటర్లు వచ్చాయి.

గొంతులో గొట్టం ఉంటే ఎంత ఇబ్బందో ఆలోచించండి. మాట్లాడలేరు, మింగలేరు, దగ్గు వస్తుంది, భయం వేస్తుంది. అందువల్ల నొప్పి తగ్గించే మందు, నిదానపరిచే మందు ఇవ్వవలసి వస్తుంది. ముందు నొప్పికి, ఆ తరువాతే నిద్రకు ఇవ్వాలన్నది నేటి పద్ధతి. నొప్పితో కొట్టుకుంటున్న మనిషికి కేవలం నిద్రమందు ఇస్తే, అతని నోరు మూసినట్టు అవుతుందే గాని బాధ తీరదు.

నొప్పికి ఫెంటనిల్, మార్ఫిన్ వంటివి వాడతారు. నిదానపరచడానికి మిడజోలామ్, ప్రొపొఫాల్, డెక్స్‌మెడిటోమిడిన్ వంటివి ఉన్నాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుణం, ఒక్కొక్క దోషం ఉంది. ప్రొపొఫాల్ త్వరగా దిగిపోతుంది గాని బి.పి. పడిపోవచ్చు. డెక్స్‌మెడిటోమిడిన్ ఇచ్చినవారిని పిలిస్తే కళ్లు తెరిచి చూస్తారు గాని గుండె వేగం తగ్గవచ్చు. మిడజోలామ్ చాలా రోజులు ఇస్తే ఒంట్లో నిలవ ఉండిపోతుంది, ముఖ్యంగా కిడ్నీలు, కాలేయం దెబ్బతిన్నవారిలో. ఆపిన తరువాత కూడా రెండు మూడు రోజులు లేవకపోవచ్చు. కిడ్నీ రోగులలో మార్ఫిన్ కూడా ఇలాగే పేరుకుపోతుంది.

ఒకప్పుడు వెంటిలేటర్ మీద ఉన్నవారిని గాఢంగా నిద్రపుచ్చి ఉంచడమే మంచిదని ప్రపంచమంతటా అనుకునేవారు. 2000వ సంవత్సరంలో అమెరికాలోని చికాగో వైద్యులు 128 మంది రోగులపై చేసిన ఒక పరిశీలన ప్రచురించారు. కొందరికి ప్రతిరోజూ ఒకసారి నిద్రమందు ఆపి, మేలుకొనేవరకు చూశారు. మిగిలినవారికి పాత పద్ధతిలోనే మందు ఇచ్చారు. పాత పద్ధతిలో వెంటిలేటర్ మీద ఉన్న కాలం సుమారు 7.3 రోజులు. రోజూ మేలుకొలిపిన వారిలో అది 4.9 రోజులు. మందు అదే. రోజుకొకసారి ఆపి చూసినందువల్లనే ఈ తేడా వచ్చింది.

అందుకే ఇప్పుడు నిద్ర ఎంత ఉందో కొలవడానికి ఒక కొలబద్ద ఉంది. మైనస్ 5 అంటే గిల్లినా కదలని స్థితి. ప్లస్ 4 అంటే మీదపడి కొట్టే స్థితి. సున్నా అంటే ప్రశాంతంగా మేలుకొని ఉండడం. చాలామంది రోగులను సున్నాకు దగ్గరలో, పిలిస్తే పలికే మగతలో ఉంచాలని ప్రయత్నిస్తారు. మెదడులో వాపు ఉన్నవారికి, ఆగని ఫిట్స్ ఉన్నవారికి, ఊపిరితిత్తులు బాగా పాడైనవారికి గాఢమైన నిద్ర అవసరం కావచ్చు. కనుక "ఈ రోజు ఎంత నిద్రలో ఉంచారు? ఎందుకు?" అని మీరు వైద్యుని మర్యాదగా అడగవచ్చు. ఇది మీ హక్కు.

సన్నిపాతం – పిచ్చి కాదు, గాలి కాదు

ఇక రెండవ ప్రశ్నకు వద్దాం. ఐసియులో నాలుగు రోజులున్న మనిషి ఉన్నట్టుండి తికమకగా మాట్లాడతాడు. చనిపోయిన అవ్వ వచ్చి మంచం పక్కన కూర్చుందంటాడు. గొట్టాలు పీకేస్తాడు. దీన్నే మన పెద్దలు సన్నిపాతం అన్నారు. వైద్యభాషలో డెలీరియం. జబ్బు తీవ్రత, ఇన్‌ఫెక్షన్, ఆక్సిజన్ తక్కువ కావడం, సోడియం తేడా రావడం, నిద్ర లేకపోవడం, కొన్ని మందులు – ఇవన్నీ కలిసి మెదడును కొంతకాలం తికమకపెడతాయి. ఇది పిచ్చి కాదు. గాలి సోకడం కాదు. దీనికి తాయెత్తు అవసరం లేదు.

గొట్టం పీక్కునే ప్రమాదం ఉన్నప్పుడు కొంతసేపు చేతులను మెత్తటి గుడ్డతో కట్టవలసి రావచ్చు. అది శిక్ష కాదు. అయితే ఎందుకు కట్టారో, ఎప్పుడు విప్పుతారో అడిగి తెలుసుకోండి.

దయచేసి ఇంకొక సంగతి గమనించండి. సన్నిపాతం అన్నివేళలా గొడవగా ఉండదు. కొందరు ఉలుకూ పలుకూ లేకుండా గోడవైపు చూస్తూ పడుకుంటారు. "పాపం, శాంతంగా ఉన్నాడు" అని అందరూ అనుకుంటారు. అది కూడా సన్నిపాతమే కావచ్చు. దాన్ని మొదట కనిపెట్టేది తరచుగా ఇంటివారే, ఎందుకంటే ఆ మనిషి సహజంగా ఎలా ఉంటాడో వారికి తెలుసు. "ఈయన ఇట్లా ఉండే మనిషి కాదు సార్" అని మీరు చెప్పే మాట మాకు ఒక పరీక్ష ఫలితంతో సమానం.

మరి దీనికి మందు లేదా? హాలోపెరిడాల్ అనే మందు ఎంతోకాలంగా వాడుకలో ఉంది. 2018లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధనలో, ఆ మందు ఇచ్చినా ఇవ్వకపోయినా సన్నిపాతం ఉన్న రోజులలో తేడా రాలేదని తేలింది. కనుక రోగి తనకు తాను హాని చేసుకునేలా ఉన్నప్పుడు కొద్దికాలం వాడవచ్చు గాని, అందరికీ అలవాటుగా రాయకూడదు. అసలు మందు ఏమిటంటే, కారణం వెతికి సరిచేయడం. పగలు వెలుతురు, రాత్రి చీకటి, నిద్ర. కళ్లజోడు పెట్టడం, చెవి మిషను పెట్టడం. వీలైనంత త్వరగా కూర్చోబెట్టడం, నడిపించడం. తెలిసిన గొంతు వినిపించడం.

ఈ చివరి మాటకు రుజువు కోవిడ్ కాలంలో దొరికింది. 14 దేశాలలో ఐసియులలో చేరిన రెండు వేలకు పైగా కోవిడ్ రోగులను పరిశీలించి, 2021లో ఫలితాలు ప్రచురించారు. మిడజోలామ్ జాతి మందులు ఇచ్చినవారిలో సన్నిపాతం ఎక్కువగా కనిపించింది. కుటుంబసభ్యులు నేరుగా గాని, వీడియోలో గాని పలకరించినవారిలో తక్కువగా కనిపించింది. కనుక మీకు లోపలికి రావడానికి పది నిమిషాలే ఇస్తే, ఆ పది నిమిషాలు ఏడవడానికి వాడకండి. మంచం పక్కన నిలబడి, చేయి పట్టుకొని, "నాయనా, ఈ రోజు బుధవారం. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. నేను నీ కూతుర్ని. ఇంట్లో అందరూ బాగున్నారు" అని నిదానంగా చెప్పండి.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా తెలుసుకోవలసినవి

2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయినా, చిత్తూరు, తిరుపతి పల్లెల కష్టాలు ఒక్కటే. పొలం, పురుగుల మందు, పాము. ఈ ప్రాంతపు రోగులు తిరుపతిలోని రుయా, స్విమ్స్ ఆసుపత్రులకో, కుప్పానికో, వేలూరుకో వెళ్తుంటారు. ఏ ఐసియుకు వెళ్లినా నరాల మందుల అవసరం ఎక్కువగా వచ్చే సందర్భాలు కొన్ని ఉన్నాయి.

పురుగుల మందు: పంటలకు కొట్టే మందులలో ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందు శరీరంలోకి పోతే నరాలు అదుపు తప్పుతాయి. నోట చొంగ, ఊపిరితిత్తుల్లో నీరు, చూపు మసక, కండరాలు అదరడం కనిపిస్తాయి. దీనికి ముఖ్యమైన విరుగుడు అట్రోపిన్. ఊపిరితిత్తులు పొడిగా అయ్యేవరకు, గుండె వేగం, బి.పి. నిలదొక్కుకునేవరకు, కొద్ది నిమిషాలకొకసారి మోతాదు పెంచుతూ ఇస్తారు. ఒక్కొక్కసారి అట్రోపిన్ అవసరానికి మించిపోతుంది. అప్పుడు జ్వరం వస్తుంది, మూత్రం బిగుసుకుంటుంది, కడుపులో కదలిక ఆగిపోతుంది, గాలిలో ఏదో ఏరుతున్నట్టు చేతులు ఆడిస్తారు, పొంతన లేకుండా మాట్లాడతారు. ఉమ్మెత్తకాయ తిన్నవాడు అలా చేస్తాడని మీకు తెలుసు. ఉమ్మెత్తలో ఉండేది అట్రోపిన్ జాతి పదార్థమే. అప్పుడు అట్రోపిన్ కొంతసేపు ఆపి, తక్కువ మోతాదులో మళ్లీ మొదలుపెడతారు. కొట్టుకుంటూ ఉంటే డయజిపామ్ వంటిది ఇస్తారు. "విషం మెదడుకెక్కింది, ఇక లాభం లేదు" అని ఈ దశలో ఇంటికి తీసుకెళ్లిపోవద్దు. ఇది దిగిపోయే స్థితి.

ఇందులో ఇంకొక మోసం ఉంది. మొదటి రోజు కోలుకొని మాట్లాడిన మనిషికి ఒకటి నుండి నాలుగు రోజుల మధ్య మెడ నిలవకపోవడం, ఊపిరి బలహీనపడడం జరగవచ్చు. పుణెకు చెందిన డాక్టర్ వాడియా బృందం ఈ విషం నరాలపై చూపే ప్రభావాలను 1974లోనే రాసింది. ఈ మధ్యదశ బలహీనతను 1987లో శ్రీలంక వైద్యులు విడిగా వివరించారు. అందువల్ల "బాగయ్యాడు, డిశ్చార్జి చేయండి" అని తొందరపెట్టకండి. దిండు మీది నుండి తల ఎత్తలేకపోతే వెంటనే నర్సుకు చెప్పండి.

కట్లపాము: రాత్రి నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. కాటు గుర్తు సరిగ్గా కనిపించకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, తరువాత ఊపిరి ఆగడం. పాము విషానికి విరుగుడు ఇస్తారు. వెంటిలేటర్ మీద పెడతారు. ఆ మనిషి వేలు కదపలేడు, రెప్ప ఎత్తలేడు. చూసేవారికి ప్రాణం లేనట్టే ఉంటాడు. కాని అతనికి తెలివి ఉండవచ్చు! మీ ఏడుపు, అప్పుల లెక్కలు, "వీడు బతకడు" అన్న మాట అన్నీ వినిపిస్తూ ఉండవచ్చు. సూది గుచ్చితే నొప్పి తెలుస్తుంది. అందుకే కదలని రోగికి కూడా నొప్పిమందు, నిదానపరిచే మందు ఆలోచించి ఇవ్వాలి. అవసరాన్నిబట్టి కండరాలను స్తంభింపజేసే వెక్యురోనియమ్ వంటి మందులు ఇచ్చినప్పుడూ ఇదే నియమం. ఆ మందులు కదలికను ఆపుతాయి గాని తెలివిని, నొప్పిని ఆపవు. నిద్రమందు లేకుండా వాటిని ఇవ్వకూడదు. కట్లపాము కాటుకు గురైనవారు కొన్ని రోజులు, ఒక్కొక్కసారి వారాలు వెంటిలేటర్ మీద ఉండి పూర్తిగా కోలుకోగలరు. వారి దగ్గర ధైర్యపు మాటలే మాట్లాడండి.

సారా, కల్లు: రోజూ తాగే మనిషి ఏ కాలు విరిగో, నిమోనియాతోనో ఆసుపత్రిలో చేరతాడు. మందు ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో వణుకు, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల తరువాత ఒంటిమీద పురుగులు పాకుతున్నాయని గోలపెట్టవచ్చు. ఇది ప్రాణం తీయగలదు. ముందుగా తెలిస్తే థయమిన్ అనే బి1 విటమిన్, లోరాజిపామ్ వంటి మందులు లెక్క ప్రకారం ఇచ్చి కాపాడవచ్చు. పైన మిడజోలామ్ జాతి మందులతో సన్నిపాతం ఎక్కువని చెప్పాను గదా. ఇక్కడ ఆ జాతి మందే ప్రాణం నిలుపుతుంది. ఏ రోగికి ఏది అన్నది కారణం తెలిస్తేనే తేలుతుంది.

2015 సెప్టెంబరులో తెలంగాణలోని నిజామాబాద్ తదితర జిల్లాలలో కల్తీ కల్లు అమ్మకాలపై అధికారులు గట్టి చర్య తీసుకున్నారు. కల్లు ఆగగానే ఎంతోమంది వణుకు, ఫిట్స్, వింత ప్రవర్తనతో ఆసుపత్రులకు చేరారు. ఆ కల్లులో ఆల్ప్రాజోలామ్ వంటి నిద్రమందులు కలపడమే కారణం. తాగినవారికి తాము నిద్రమందుకు అలవాటుపడ్డామని కూడా తెలియదు. అలవాటైన మందు ఒక్కసారిగా ఆగితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ఇంట్లో వాడే మాత్రల గూర్చి దాచకండి

మూర్ఛకు మాత్రలు వేసుకునే రోగి ఆపరేషన్ కోసమో, జ్వరం ముదిరో ఐసియుకు వస్తాడు. ఎవరూ చెప్పకపోతే మాత్రలు ఆగిపోతాయి, మూడవ రోజు ఫిట్స్ వస్తాయి. చెప్పితే మాత్రకు బదులు ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. వాల్ప్రోయేట్ వాడేవారికి మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఇస్తే, రక్తంలో వాల్ప్రోయేట్ త్వరగా పడిపోయి ఫిట్స్ రావచ్చు. ముందే తెలిస్తే వేరే యాంటీబయాటిక్ గాని, వేరే ఫిట్స్ మందు గాని ఎంచుకుంటారు. వణుకు జబ్బు పార్కిన్సన్స్ ఉన్నవారికి లెవోడోపా ఆపకూడదు, హాలోపెరిడాల్ ఇవ్వకూడదు. మనోవ్యాధికి మాత్రలు, రోజూ రాత్రి వేసుకునే నిద్రమాత్ర – ఇవన్నీ మాకు తెలియాలి.

చాలా ఇళ్లలో ఇవి చెప్పరు. కోడలికి చిన్నప్పటి నుండి ఫిట్స్ ఉన్నాయని అత్తవారింటికి తెలియదు. పుట్టింటివారు భయపడి నోరు విప్పరు. అటువంటప్పుడు వైద్యుని లేదా నర్సును పక్కకు పిలిచి ఒంటరిగా చెప్పండి. రోగి రహస్యం కాపాడడం మా ధర్మం.

పురుగుల మందు తాగినవారి విషయంలో పోలీసు కేసు భయంతో "పొరపాటున తాగినాడు", "కడుపునొప్పి" అని చెప్తుంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ నేరం లేదు. ఆసుపత్రివారు పోలీసులకు సమాచారం ఇవ్వవచ్చు గాని, అది ఆ మనిషిని శిక్షించడానికి కాదు. కనుక నిజం చెప్పండి, మందు డబ్బా తీసుకురండి. కోలుకున్న తరువాత ఆ మనిషిని నిందించకండి, ఒంటరిగా వదలకండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ సేవలో ఉచితంగా మాట్లాడవచ్చు.

డిశ్చార్జి రోజున

ఐసియులో మొదలుపెట్టిన నిద్రమాత్ర, సన్నిపాతం కోసం ఇచ్చిన క్వెటియాపిన్ వంటి మాత్ర కొన్నిసార్లు చీటీలో అలాగే మిగిలిపోయి ఇంటిదాకా వస్తాయి. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో నెలల తరబడి కొంటూనే ఉంటారు. ముసలివారు వాటివల్ల తూలి పడతారు, తుంటి ఎముక విరుగుతుంది. కనుక ఇంటికి వెళ్లేముందు ఒక్కొక్క మాత్ర చూపించి, "ఇది దేనికి? ఎప్పటిదాకా?" అని అడగండి. ఫిట్స్ మాత్రలు, ఎక్కువ రోజులు వాడిన నిద్రమాత్రలు మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి.

గుర్తుంచుకోండి

1. ఇంట్లో వాడే అన్ని మాత్రలను, పాత చీటీలను ఒక సంచిలో వేసి తీసుకురండి. నాటుమందులు కూడా.

2. తాగుడు, కల్లు, నిద్రమాత్రలు, ఫిట్స్, మనోవ్యాధి గూర్చి మొదటిరోజే చెప్పండి.

3. విషం అయితే డబ్బా తీసుకురండి. వెంటనే 108కి ఫోను చేయండి.

4. కళ్లజోడు, చెవి మిషను ఇచ్చి పంపండి.

5. రోగి కదలకపోయినా వింటున్నాడనే అనుకొని మాట్లాడండి.

6. "ఈ రోజు నిద్రమందు తగ్గించారా?" అని రోజుకొకసారి అడగండి.

7. డిశ్చార్జి చీటీలో ప్రతి మాత్రకూ గడువు రాయించుకోండి.

గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు ఒక మనవి. మీ ఊళ్లో ఎవరినైనా 108 ఎక్కించేటప్పుడు, వారి ఇంటి అటక మీద, దిండు కింద ఉన్న మాత్రలను కూడా వెతికి పంపండి. ఆ రాత్రి ఐసియులో డ్యూటీలో ఉన్న వైద్యునికి అంతకంటే గొప్ప సహాయం లేదు.

 ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.